పది దినముల పరీక్ష

పాఠ్యభాగము: దానియేలు 1వ అధ్యాయము, 8 నుండి 16 వచనములు



క్రిస్మసు సెలవులకు స్వగ్రామము వెళ్ళివచ్చిన ప్రతిసారీ మన ఇండ్లలో ఒకే మాట లేస్తుంది. "ఇక్కడ ఇంకెన్నాళ్ళు? ఉన్న ఇల్లు అమ్మి ఊరికి పోదాము." హుబ్బళ్ళిలోనైనా, షోలాపూరులోనైనా, ఖుర్దా రోడ్డులోనైనా ఈ మాట వినని తెలుగు కుటుంబము ఉండదు. పదవీ విరమణ దగ్గరపడితే ఆ మాటకు బలము వస్తుంది. కొందరు నెల తిరగకముందే ఇల్లు అమ్మి, సామాను లారీకెక్కించి, సంఘములో వీడ్కోలు కూడిక కూడా చేయించుకొని వెళ్ళారు. వారిలో రెండు సంవత్సరములకే తిరిగివచ్చి, తాము అమ్మిన ఇంటికి నాలుగు గడపల అవతల అద్దెకున్నవారిని మేము ఎరుగుదుము.

ఇది వ్రాయుచున్న మేము భార్యాభర్తలము. ఆ అంచు దాకా వెళ్ళి ఆగినవారము. అందుచేత ఈ నెల పాఠములో పెద్ద నిర్ణయమునకు ముందు చిన్న పరీక్ష ఎలా చేయాలో, ఎక్కడ చేయరాదో మీతో కలిసి ఆలోచించగోరుచున్నాము.

ముందు పాఠ్యభాగము చూద్దాము. బబులోనుకు చెరగా తేబడిన దానియేలుకు, అతని స్నేహితులకు మూడు సంవత్సరముల చదువు, దానితో పాటు రాజు బల్ల మీది భోజనము ఏర్పాటయినవి. ఆ భోజనము తనకు తగదని దానియేలు ముందే తన హృదయములో నిశ్చయించుకున్నాడు. అయితే ఆ నిశ్చయమును పట్టుకొని వాదమునకు దిగలేదు. పై అధికారికి రాజంటే భయము. ఈ యువకుల ముఖములు వాడిపోతే తన తలకు ముప్పు. దానియేలు ఆ భయమును ఎగతాళి చేయలేదు. తమను చూచుకొనే నియామకుని దగ్గరకు వెళ్ళి, పది దినములు శాకధాన్యములు, నీళ్ళు ఇచ్చి చూడమని, తరువాత తమ ముఖములను తక్కిన యువకుల ముఖములతో పోల్చి తోచినట్టు చేయమని వేడుకున్నాడు.

ఈ భాగమును ఆదివారపు బడిలో కూరగాయల కథగా చెప్పి వదిలేస్తాము. (అదీ మంచిదే. పిల్లలు కూరలు తింటే తల్లులు సంతోషిస్తారు.) పెద్దవారము చూడవలసినది ఆ పది దినముల ఏర్పాటును. మూడు సంవత్సరములలో పది దినములు! అది తప్పినా ఎవరి తలా పోదు. గడువు ముందే చెప్పబడినది. దేనిని చూడాలో కూడా ముందే చెప్పబడినది: ముఖములను. పైగా, చూచి చెప్పవలసినవాడు దానియేలు కాడు, నియామకుడు. తన ముఖము బాగున్నదో లేదో తానే చెప్పుకొనే పరీక్షకు విలువ ఏమున్నది?

ఇంకొక సంగతి. దానియేలు పరీక్షకు పెట్టినది తన నిశ్చయమును కాదు. "పది రోజులు భక్తిగా ఉండి చూద్దాము, నచ్చకపోతే మానేద్దాము" అని అతడు అనలేదు. నిశ్చయము నిశ్చయముగానే ఉన్నది. దానిని నిలబెట్టుకొనే భోజనపు ఏర్పాటును మాత్రమే పరీక్షకు పెట్టాడు. ఈ తేడా దగ్గరకు చివరలో మళ్ళీ వస్తాము.

ఇక మా సంగతి. మాలో ఒకరి తండ్రి మార్కాపురము ప్రాంతము నుండి హుబ్బళ్ళి రైల్వే వర్కుషాపులో పనికి వచ్చారు. మేము పుట్టినది, కన్నడ బడిలో చదివినది, ఉద్యోగము చేసినది, ఇల్లు కట్టినది అంతా ఇక్కడే. అయినా ప్రతి సంవత్సరము అమరావతి ఎక్స్‌ప్రెస్సు ఎక్కి, గుంతకల్లు, నంద్యాల దాటి మార్కాపురము రోడ్డులో దిగితేనే మాకు పండుగ. తమ్ముడు స్టేషనుకు వచ్చేవాడు. మరదలు అరిసెలు చేసి ఉంచేది. పది రోజులు కాలు కింద పెట్టనిచ్చేవారు కాదు. తిరిగివచ్చే రైలులో ఇద్దరమూ మాట్లాడుకొనేవారము కాము.

పదవీ విరమణ అయిన సంవత్సరమే ఇంటికి మంచి బేరము వచ్చింది. ఊరిలో తమ్ముడు స్థలము చూచి ఉంచాడు. సోమవారము బయానా తీసుకోవాలి. ఆదివారము రాత్రి భోజనాల దగ్గర మాలో ఒకరు అన్నారు: "మనము ఊరిని చూచినదంతా డిసెంబరు, జనవరిలలోనే. మే నెలలో ఎన్నడైనా ఉన్నామా?"

లెక్క వేసుకుంటే, ముప్పై సంవత్సరములలో వేసవిలో ఒక్కసారి వెళ్ళాము, అదీ చావుకు. మూడు రోజులు.

ఆ మాట మమ్మును ఆపింది. కొనేవారికి ఇప్పుడే ఇవ్వలేమని చెప్పాము. వారు వేరొక ఇల్లు కొనుక్కున్నారు. ఆ ధర మళ్ళీ రాలేదు. పరీక్షకు ఖర్చు ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి.

మార్చి నుండి నవంబరు వరకు మార్కాపురములో రెండు గదులు అద్దెకు తీసుకున్నాము. హుబ్బళ్ళి ఇంటికి తాళము వేసి, తాళపు చెవి పక్కింటి కన్నడ అమ్మకు ఇచ్చాము. నవంబరు ఎందుకంటే, పింఛనుదారులు ఆ నెలలో జీవన ప్రమాణ పత్రము ఇవ్వాలి. (ఇప్పుడు దానిని ఎక్కడనుండైనా ఇవ్వవచ్చును గాని, మాకు పాత బ్యాంకుకు పోవుటే అలవాటు.) ఎటూ రావలసిన నెల గనుక దానినే గడువు చేసుకున్నాము. క్యాలెండరు కాగితము వెనుక నాలుగు మాటలు వ్రాశాము: నీళ్ళు, వైద్యము, సంఘము, మాట్లాడే మనుష్యులు. దాని క్రింద: "నవంబరులో ఇద్దరమూ ఉందామంటేనే ఇల్లు అమ్మాలి."

ఎండ సంగతి ముందే తెలుసు అనుకున్నాము. తెలియదు. హుబ్బళ్ళిలో ఎంత ఎండ కాచినా సాయంత్రానికి గాలి వస్తుంది. అక్కడ మే నెలలో రాత్రి పదకొండుకు గోడ మీద చేయి పెడితే వెచ్చగానే ఉండేది. నీళ్ళ సంగతి అంతకంటె బరువైనది. ఆ ప్రాంతములో చాలా గ్రామముల భూగర్భ జలములలో ఫ్లోరైడు ఎక్కువ; త్రాగుటకు క్యాను నీళ్ళు కొనాలి, వాడుకకు ట్యాంకరు కొరకు ఎదురుచూడాలి. పండుగలకు మేము వెళ్ళినప్పుడు తమ్ముడు రెండు రోజుల ముందే డ్రమ్ములు నింపి ఉంచేవాడని మాకు అప్పుడు తెలిసింది. ముప్పై సంవత్సరములు ఆ నీళ్ళతో స్నానము చేసి, ఊరిలో నీళ్ళకు కొదువ లేదనుకున్నాము.

అతిథి చూచిన ఊరు వేరు, కాపురము చేసేవాడు చూచిన ఊరు వేరు. చాలామంది "మేము ఎన్నిసార్లు వెళ్ళి చూడలేదు!" అంటారు. పండుగ ప్రయాణము పరీక్ష కాదు. బియ్యము మీరే కొని, బిల్లు మీరే కట్టి, జ్వరము వచ్చినప్పుడు ఆటో మీరే పిలుచుకొన్నప్పుడే పరీక్ష మొదలవుతుంది. మాలో ఒకరికి షుగరు, బి.పి. ఉన్నవి. హుబ్బళ్ళిలో రైల్వే ఆసుపత్రి దగ్గర. డాక్టర్లు, నర్సులు మొఖము చూచి గుర్తుపడతారు. అక్కడ రైల్వే ఆసుపత్రికి రైలెక్కి పోవాలి.

మనుష్యుల సంగతి చెప్పుట కష్టము. మొదటి వారము ఇంటినిండా జనము. రెండవ నెలలో ఒకరిద్దరు. నాలుగవ నెలకు మేము చుట్టములమూ కాము, ఊరివాళ్ళమూ కాము. మా మాటలో కన్నడ యాస విని అంగడిలో పిల్లలు నవ్వేవారు. మమ్మును "హుబ్లీవాళ్ళు" అనేవారు. ఇక్కడేమో మమ్మును తెలుగువాళ్ళు అంటారు.

సంఘము ప్రేమగానే చేర్చుకొన్నది, అందులో తప్పు పట్టుటకు లేదు. కాని హుబ్బళ్ళిలో మాలో ఒకరు సంఘపు లెక్కలు వ్రాసేవారు, మరొకరు స్త్రీల కూటము నడిపేవారు. అక్కడ ఆ పనులు చేసేవారు ఉన్నారు, మా కంటె బాగుగా చేస్తారు. ఆదివారము వెళ్ళి, కూర్చుండి, వందనములు చెప్పి రావడమే. మాకు పని లేదు. క్యాలెండరు కాగితము మీద వ్రాయని అయిదవ మాట అదే.

మంచి కూడా చెప్పాలి. బస్సు మీద ఊరి పేరు, మందుల చీటీ మీద డాక్టరు చెప్పిన మాట, అన్నీ సొంత భాషలో! గంగాళము, దాలి అని తల్లి వాడిన మాటలు పక్కింటి ముసలమ్మ నోట విని మాలో ఒకరు గుమ్మములో నిలబడి ఏడ్చారు. అది ఏ పట్టణములోనూ దొరకదు.

మా నియామకుడు ఎవరో మేము ముందుగా అనుకోలేదు. ఆ పని మా కోడలికి పడింది. ఆమె కన్నడ పిల్ల. ఆగస్టులో నాలుగు రోజులు ఉండుటకు వచ్చింది. ఎండ గురించి గాని నీళ్ళ గురించి గాని ఏమీ అనలేదు. మూడవ రోజున "అత్తయ్యా, మీరు ఇక్కడ పొద్దున ఎన్నింటికి లేస్తున్నారు?" అని అడిగింది. హుబ్బళ్ళిలో అయిదింటికి లేచేవారము. అక్కడ ఎనిమిదయ్యేది. ఎప్పటినుండి ఆలస్యమయ్యిందో మా ఇద్దరికీ తెలియదు. లేచి చేయవలసినది లేనప్పుడు ఎవరు లేస్తారు? మా ముఖములను ఆమె చదివింది, మేము చదువుకోలేకపోయాము.

నవంబరు వచ్చింది. మాలో ఒకరు ఉందామన్నారు, ఒకరు వెళ్దామన్నారు. కనానును వేగు చూచిన పన్నెండుగురు నలువది దినములు ఒకే నేలను నడిచి రెండు సమాచారములు తెచ్చారు గదా. పరీక్ష నిర్ణయము చేయదు, సంగతులు చూపిస్తుంది, అంతే. కాగితము మీద "ఇద్దరమూ" అని ముందే వ్రాసి ఉండబట్టి మేము తగవు పడలేదు. ఆ మాట వేడిలో వ్రాసినది కాదు గనుక ఇద్దరమూ దానికి లోబడ్డాము.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మొగమాటము చేత బంధువులందరికీ "వచ్చేశాము" అని చెప్పాము, "ఉండి చూద్దామని వచ్చాము" అనలేదు. వెళ్ళేటప్పుడు తమ్ముడు స్టేషనుకు రాలేదు. ఊరిని, తనను తూకము వేసి తక్కువని తేల్చి పోతున్నామని అతడు అనుకున్నాడు. అనుకోడా మరి? దానియేలు తన పరీక్షను దాచలేదు. మేము దాచాము. మనము ఎవరి మధ్య ఉండి పరీక్షిస్తామో వారికి మొదటి రోజే చెప్పాలి.

ఉండవలసిన ఊరిని ఇలా వెదకినవారు మన సంఘ చరిత్రలోనూ ఉన్నారు. తెలుగువారి మధ్య పనికి అమెరికను బాప్టిస్టులు పంపిన మొదటి మిషనరీ శామ్యూలు డే 1836లో వచ్చారు. నెల్లూరు మిషను అని మనము చెప్పుకొనేది ఆయన అడుగు పెట్టిన చోట మొదలు కాలేదు. విశాఖపట్నములో ఉన్నారు, శ్రీకాకుళములో ఉన్నారు, తరువాత మద్రాసుకు వెళ్ళారు. మద్రాసు నుండి తెలుగు ప్రాంతములలో తిరిగి చూచి, 1840లో నెల్లూరు చేరారు. నాలుగు సంవత్సరములు. ఆ కాలమంతటా తెలుగువారి మధ్యనే పని అన్న నిశ్చయము మారలేదు. మారినది ఊరు.

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి చివరిలో మూతపడినప్పుడు అక్కడి తెలుగు, తమిళ కుటుంబములలో చాలామంది కూడా ఉన్నపళముగా ఊరు వదలలేదు. మారికుప్పము నుండి రైలెక్కి రోజూ బెంగుళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగివచ్చేవారు. అది సుఖమైన బ్రదుకు కాదు. కాని పని నిలుస్తుందో లేదో తెలియకముందే గూడు విడువలేదు. ఇప్పటికీ ఆ రైళ్ళు పొద్దుననే క్రిక్కిరిసి పోతున్నవి.

ఇక ఉపయోగపడే మాటలు కొన్ని. వేరే ఊరిలో ఉండి చూడగోరువారు కొనకముందు అద్దెకు ఉండండి. చాలా చోట్ల పదకొండు నెలల ఒప్పందము వాడుక ఎందుకంటే, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము సంవత్సరమునకు మించిన కౌలుకు రిజిస్ట్రేషను తప్పనిసరి. అయితే అన్ని రాష్ట్రములలోనూ ఈ లెక్కను నమ్ముకోవద్దు, ఆ రాష్ట్రపు నియమమును అడిగి తెలుసుకోండి. మహారాష్ట్రలో 1999 నాటి అద్దె చట్టము ప్రకారము లీవ్ అండ్ లైసెన్సు ఒప్పందము ఎన్ని నెలలదైనా రిజిస్టరు చేయాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి మరొక ప్రభుత్వ శాఖకు మారేటప్పుడు పాత పోస్టు మీద హక్కు, అనగా లీన్, సాధారణముగా రెండు సంవత్సరముల వరకు నిలుపుకొనే వీలున్నది. రాజీనామా కాగితము వ్రాసే ముందు ఆ సంగతి ఆఫీసులో అడగండి. పింఛను కమ్యుటేషను తీసుకొని ఆ డబ్బుతో స్థలము కొనుటకు తొందరపడకండి. ఆ తగ్గిన భాగము తిరిగి కలియుటకు పదిహేను సంవత్సరములు పడుతుంది.

వ్యాపారమునకు కూడా ఇదే దారి. మా సంఘములో ఒక సహోదరి హోటలు పెట్టాలని అంగడికి అడ్వాన్సు ఇవ్వబోయి ఆగి, మూడు నెలలు ఇంటినుండే ఇడ్లీలు చేసి వర్కుషాపు గేటు దగ్గర అమ్మింది. ఇడ్లీలు అమ్ముడయ్యాయి. తెల్లవారుజామున మూడింటికి లేచుట తన వల్ల కాదని కూడా తెలిసింది. ఇప్పుడు పచ్చళ్ళు చేస్తున్నది.

అన్ని పరీక్షలకు వెనుకకు దారి ఉండదు. ముఖ్యముగా పిల్లల చదువు. "ఒక సంవత్సరము ఊరిలో చదివించి చూద్దాము" అనుట తేలిక. కాని ఆంధ్రప్రదేశులో కళాశాల సీట్లకు 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు స్థానికులను నిర్ణయించినవి. అర్హత పరీక్ష వరకు వరుసగా నాలుగు సంవత్సరములు ఆ ప్రాంతములో చదివినవారు స్థానికులు, 85 శాతము సీట్లు వారికి అని ఏర్పాటు. తరువాత రెండు రాష్ట్రములలోనూ నియమములలో మార్పులు జరిగినవి గనుక ఆ సంవత్సరపు నియమమును అక్కడే అడిగి తెలుసుకోవాలి. తొమ్మిదవ తరగతిలో మార్చి, పదవ తరగతిలో మళ్ళీ వెనుకకు తెస్తే, పిల్లవాడు అక్కడా ఇక్కడా స్థానికుడు కాకుండా పోవచ్చును. భాష సంగతి సరేసరి. ఇటువంటి చోట పెద్దవారు వెళ్ళి చూడండి, పిల్లలతో పరీక్ష చేయకండి.

చివరిగా దానియేలు నిశ్చయము దగ్గరకు వద్దాము. ఈ మధ్య పట్టణములలో పెండ్లిని కూడా కొన్నాళ్ళు చూచి చేసుకోవచ్చునన్న మాట వినబడుచున్నది. మన యౌవనస్థులు మమ్మును అడిగినప్పుడు మేము చెప్పేది ఇది: అద్దె ఇల్లు ఖాళీ చేసే దినము ముందే తెలిసినా ఇల్లు బాధపడదు. మనిషి అలా కాదు. "వదలి వెళ్ళను" అన్న మాటే పెండ్లికి పునాది గనుక, వదలి వెళ్ళే దారి ఉంచుకొని దానిని పరీక్షించుట కుదరదు. అయితే మాట ఇవ్వకముందు చూడవలసినవి మనము చూస్తున్నామా? పెండ్లిచూపులలో పట్టుచీర, కాఫీ, మైసూరుపాకు చూచి వస్తాము. అదీ పండుగ ప్రయాణమే. ఆ ఇంటికి పని దినమున వెళ్ళండి. అప్పులు ఎన్ని, జబ్బులు ఏమి, పెండ్లి తరువాత పిల్ల ఉద్యోగము చేయవచ్చునా, అన్నది ఇరుపక్షములు ముందే మాట్లాడుకొనండి. సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

పరీక్షించుటకు వీలులేని చోట ఆగి చూచుట ఒకటి ఉన్నది. 1876 నుండి 1878 వరకు వచ్చిన కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి పని ఇచ్చారు. ఆ కాలములో బాప్తిస్మము అడిగినవారు అనేకులు. ఆయన ఇవ్వలేదు. అన్నము కొరకు అడుగుచున్నారో, మనసారా అడుగుచున్నారో ఆకలి నడుమ తేలదు గనుక సంవత్సరమునకు పైగా ఆగారు. సహాయపు పనులు నిలిచిన తరువాత కూడా వారు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మము ఇవ్వబడినది. సంఖ్యను మనము ప్రతి వార్షికోత్సవములో చెప్పుకుంటాము, దానికి ముందు ఆగిన నెలలను చెప్పుకోము. పదవీ విరమణ చేసిన మొదటి నెలలో, ఇంటిలో చావు జరిగిన సంవత్సరములో, బేరగాడు గుమ్మములో నిలబడి ఉండగా మనకు కలిగే కోరిక కూడా అటువంటిదే కావచ్చును.

మా తమ్ముడు ఆరు నెలలు మాట్లాడలేదు. తరువాత మేమే వెళ్ళి, మొదట చెప్పవలసినది అప్పుడు చెప్పాము. ఇప్పుడు ప్రతి జనవరి, ఫిబ్రవరి నెలలు అక్కడ ఉంటాము, డ్రమ్ములు మేమే నింపుకుంటాము. వచ్చే ఏప్రిలులో ఎండలు తప్పించుకొనుటకు రెండు నెలలు హుబ్బళ్ళి రమ్మని అతనిని పిలిచాము. తాను సిద్ధమే. మరదలు మాత్రము ముందు పదిహేను రోజులు ఉండి చూచి చెబుతానన్నది.